గట్టిగింజ – తాలుగింజ

పాఠ్యభాగ ఉద్దేశం

కంప్యూటర్ల ద్వారా సాగే ఉత్తర ప్రత్యుత్తరాలలో అవాంఛిత లేఖలు ఎట్లా చేరుతున్నాయో వివరించడం. వాటిని మెయిల్ సర్వర్ వద్దనే గుర్తించే వడపోతను అమర్చే క్రమాన్ని, అది దారి తప్పినప్పుడు దోషాన్ని కనిపెట్టే పద్ధతిని తెలియజేయడం. యంత్రం ఇచ్చిన తీర్పును పరిశీలించే బాధ్యత మనిషిదే అన్న వివేకాన్ని కలిగించడం ఈ పాఠం ఉద్దేశం.

పాఠ్యభాగం

పంట నూర్చిన తరువాత రైతు కళ్లంలో ధాన్యాన్ని తూర్పారబడతాడు. చేటకెత్తిన ధాన్యాన్ని గాలివాటున నెమ్మదిగా వదులుతాడు. గట్టిగింజ కాళ్ల దగ్గర రాశిగా పడుతుంది. తాలు, పొట్టు, దుమ్ము దూరంగా కొట్టుకుపోతాయి. చూసేవారికి ఇది సులువైన పనిగానే తోస్తుంది. కాని గాలి మందగిస్తే తాలు రాశిలోనే మిగిలిపోతుంది. గాలి హోరెత్తితే గట్టిగింజ సైతం పొట్టుతోపాటు పోతుంది. అందువల్లనే అనుభవం గల రైతు గాలి పోకడను గమనిస్తూ చేటను ఎత్తుతూ దించుతూ ఉంటాడు. పని ముగిశాక పొట్టు కుప్పను చేత్తో ఒకసారి కదిపి, అందులో గింజలేమైనా పోయాయేమో చూస్తాడు.

ఈ-మెయిల్ ప్రపంచంలో కూడా ఇటువంటి తూర్పారబట్టే పని రాత్రింబవళ్లు సాగుతున్నది. మనకు వచ్చే లేఖలలో ఆత్మీయులు రాసినవి, కళాశాలలు, కార్యాలయాలు పంపినవి గట్టిగింజలు. కోరకుండానే వచ్చిపడే ప్రకటనలు, లాటరీ ఆశలు, బ్యాంకు పేరిట పన్నిన మోసాలు తాలుగింజలు. వీటినే లోకం ‘స్పామ్’ అని పిలుస్తున్నది. ఈ రెండింటినీ వేరుచేసే ప్రోగ్రామును స్పామ్ ఫిల్టర్ అంటారు. మనం దానిని వడపోత అని పిలుచుకుందాం.

ఒక విద్యార్థిని ఉపకార వేతనానికి దరఖాస్తు చేసిందనుకుందాం. మూడు రోజులలో ధ్రువపత్రాలు సమర్పించవలసిందని ఆమెకు లేఖ వచ్చింది. వడపోత దానిని స్పామ్‌గా భావించి వేరే అరలో పడవేసింది. ఆమె ప్రతి ఉదయం తన మెయిల్ తెరిచి చూస్తూనే ఉంది. ఆ అరను మాత్రం చూడలేదు. గడువు దాటిపోయింది. లేఖ పంపినవారి దృష్టిలో అది చేరింది. ఆమె దృష్టిలో అసలు రానేలేదు. ఒక పనికిమాలిన ప్రకటన మన ముందుకు వస్తే దానిని తొలగించడానికి ఒక్క క్షణం చాలు. రావలసిన లేఖ రాకపోతే కలిగే నష్టం ఒక్కొక్కప్పుడు ఒక సంవత్సరం చదువుతో సమానం. వడపోతను అమర్చేవారు ఈ తారతమ్యాన్ని ఎన్నడూ మరువరాదు.

స్పామ్ పుట్టుక

1978 మే 3వ తేదీన అమెరికాలోని డిజిటల్ ఈక్విప్‌మెంట్ కార్పొరేషన్‌కు చెందిన గ్యారీ థర్క్ అనే విక్రయ ఉద్యోగి, నేటి ఇంటర్నెట్‌కు పూర్వరూపమైన ఆర్పానెట్‌లోని సుమారు 400 మందికి ఒకే ప్రకటనను పంపాడు. తమ సంస్థ కొత్త కంప్యూటర్లను చూడడానికి రమ్మని అందులోని ఆహ్వానం. అందుకున్నవారిలో పలువురు ఆగ్రహించారు. మొట్టమొదటి స్పామ్ లేఖగా దానినే పేర్కొంటారు.

ఈ పేరు వెనుక ఒక వినోదగాథ ఉన్నది. ‘స్పామ్’ అనేది అమెరికాలో 1937 నుంచి అమ్ముడవుతున్న డబ్బా మాంసం పేరు. 1970లో బ్రిటిష్ టెలివిజన్‌లో మాంటీ పైథాన్ బృందం ప్రదర్శించిన ఒక హాస్య ఘట్టంలో, హోటలులోని దాదాపు ప్రతి పదార్థంలోనూ స్పామ్ ఉంటుంది. ఆ మాటే పదే పదే వినిపించి మిగిలిన సంభాషణను ముంచివేస్తుంది. అడగకుండానే వచ్చి అసలు మాటను వినబడనీయని లేఖలకు ఆ పేరు స్థిరపడింది. 1994 ఏప్రిల్‌లో అమెరికాకు చెందిన ఇద్దరు న్యాయవాదులు గ్రీన్‌కార్డు లాటరీ గురించి వేలాది చర్చా బృందాలకు ఒకే ప్రకటనను పంపడంతో వ్యాపార స్పామ్ యుగం ఆరంభమైంది.

ఈ పీడ ఇంతగా వ్యాపించడానికి ప్రధాన కారణం తపాలా వ్యవస్థ నిర్మాణంలోనే ఉన్నది. 1982లో జాన్ పోస్టెల్ గ్రంథస్థం చేసిన ఎస్ఎంటీపీ అనే నియమావళి ప్రకారమే నేటికీ లేఖలు ఒక సర్వర్ నుంచి మరొక సర్వర్‌కు చేరుతున్నాయి. అది పరస్పరం నమ్మకం గల కొద్దిమంది పరిశోధకుల కాలం. పంపేవాడు తన పేరు ఏదని చెబితే అదే నిజమని ఆ నియమావళి స్వీకరిస్తుంది. కార్డు వెనుక ఎవరి చిరునామా రాసినా తపాలా పెట్టె కాదనదు కదా! పైగా కాగితపు ఉత్తరానికి తపాలా బిళ్ల అతికించాలి. ఈ-మెయిల్‌కు ఆ ఖర్చు లేదు. పది లేఖలకూ పదిలక్షల లేఖలకూ పంపేవాడి వ్యయంలో తేడా అత్యల్పం. భారమంతా అందుకొనేవారిదే.

మార్కులు వేసే కాపలాదారు

లేఖ మన తెరపైకి రాకముందు మన సంస్థకు చెందిన మెయిల్ సర్వర్‌కు చేరుతుంది. వడపోత అక్కడే ద్వారపాలకునివలె నిలుస్తుంది. ఇటువంటి వడపోతలలో స్పామ్‌అసాసిన్ ప్రసిద్ధమైనది. జస్టిన్ మేసన్ అనే ప్రోగ్రామర్ దీనిని 2001లో రూపొందించాడు. పెర్ల్ భాషలో రాసిన ఈ ప్రోగ్రాము 2004లో అపాచీ ఫౌండేషన్ ప్రాజెక్టుగా మారింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. లోపలి నిర్మాణాన్ని చదువుకోవచ్చు. వడపోతల పనితీరును నేర్చుకోదలచిన విద్యార్థికి ఇదొక తెరిచిన పుస్తకం.

తొలినాటి వడపోతలు ఒక్క మాటను బట్టి తీర్పు చెప్పేవి. లేఖలో ‘లాటరీ’ అనే పదం ఉంటే చాలు, తిరస్కరించేవి. అట్లా చేస్తే లాటరీ మోసాలను గురించి హెచ్చరిస్తూ తండ్రి కుమారునికి రాసిన లేఖ కూడా ఆగిపోతుంది. స్పామ్‌అసాసిన్ ఈ దోషాన్ని తగ్గించడానికి మార్కుల పద్ధతిని అనుసరిస్తుంది. ఇందులో అనేక నియమాలు ఉంటాయి. ప్రతి నియమానికి కొన్ని మార్కులు నిర్ణయమై ఉంటాయి. సందేహాన్ని పెంచే లక్షణానికి ధన మార్కులు, నమ్మకాన్ని పెంచే లక్షణానికి రుణ మార్కులు. అన్నింటినీ కూడగా వచ్చిన మొత్తం 5కు చేరితే ఆ లేఖ స్పామ్ అని ముద్ర పడుతుంది. మన పరీక్షలలో మార్కులు ఎక్కువైతే ఉత్తీర్ణత. ఇక్కడ మార్కులు ఎక్కువైతే బహిష్కరణ.

ఈ 5 అనే హద్దు శాసనం కాదు. సర్వర్ నిర్వాహకుడు దానిని మార్చుకోవచ్చు. హద్దును 3కు దించితే స్పామ్ మరింతగా ఆగుతుంది; మంచి లేఖలు కూడా మరిన్ని ఆగుతాయి. 8కి పెంచితే మంచి లేఖలు క్షేమంగా వస్తాయి. వాటి వెంట స్పామ్ కూడా వస్తుంది. రైతు చేటను ఎంత ఎత్తున పట్టుకోవాలన్న ప్రశ్న ఇక్కడా ఎదురవుతుంది.

మరొక విషయం గుర్తుంచుకోవాలి. స్పామ్‌అసాసిన్ స్వయంగా ఏ లేఖనూ తొలగించదు. లేఖ తలకట్టులో తాను వేసిన మార్కులను, వర్తించిన నియమాల పేర్లను నమోదు చేసి వదిలివేస్తుంది. ఆ ముద్రను చూసి లేఖను వేరే అరలో ఉంచాలా, తిప్పిపంపాలా అన్నది సర్వర్‌లోని ఇతర ప్రోగ్రాములకు మనం ఇచ్చే ఆదేశాన్ని బట్టి ఉంటుంది. మార్కులు వేసేవారు ఒకరు, శిక్ష అమలు చేసేవారు మరొకరు. ఈ విభజన తెలియకపోతే, తరువాత దోషం ఎక్కడున్నదో తెలుసుకోవడం కష్టం.

ప్లగిన్లు – వేర్వేరు పరీక్షకులు

మూల ప్రోగ్రామును మార్చకుండా దానికి అదనపు శక్తిని చేకూర్చే చిన్న ప్రోగ్రామును ప్లగిన్ అంటారు. ఒక విద్యార్థి జవాబు పత్రాలను సబ్జెక్టుకు ఒకరు చొప్పున పరీక్షకులు దిద్దినట్లు, ఒకే లేఖను వేర్వేరు ప్లగిన్లు వేర్వేరు కోణాల నుంచి పరిశీలించి తమ వంతు మార్కులు వేస్తాయి. వాటిలో ముఖ్యమైన నాలుగింటిని తెలుసుకుందాం.

మొదటిది బేయ్స్ ప్లగిన్. 18వ శతాబ్దానికి చెందిన థామస్ బేయ్స్ అనే ఆంగ్ల మతాచార్యుడు సంభావ్యతపై రాసిన వ్యాసం, ఆయన మరణానంతరం 1763లో ప్రచురితమైంది. ఆ సూత్రమే దీనికి ఆధారం. మనం 200 స్పామ్ లేఖలను, 200 మంచి లేఖలను దీనికి చూపామనుకుందాం. ‘లాటరీ’ అనే పదం 60 స్పామ్ లేఖలలో, 2 మంచి లేఖలలో కనిపించింది. అప్పుడు ఆ పదం గల లేఖ స్పామ్ అయ్యే అవకాశం 62లో 60, అనగా నూటికి సుమారు 97. ‘హాల్‌టికెట్’ అనే పదం 1 స్పామ్ లేఖలో, 40 మంచి లేఖలలో కనిపిస్తే ఆ అవకాశం 41లో 1, అనగా నూటికి రెండున్నర కూడా లేదు. లేఖలోని అనేక పదాల విలువలను కలిపి ఈ ప్లగిన్ తన అభిప్రాయాన్ని ప్రకటిస్తుంది. స్పామ్ అని దాదాపు నిశ్చయమైతే సాధారణ అమరికలో 3.5 మార్కులు కలుపుతుంది; మంచిదని నిశ్చయమైతే 1.9 తగ్గిస్తుంది.

ఈ పద్ధతి 2002లో పాల్ గ్రాహం రాసిన ఒక వ్యాసం వల్ల విస్తృత ప్రచారం పొందింది. ఆయన తన లెక్కలో ఒక చిన్న సవరణ చేశాడు. మంచి లేఖలలో కనిపించిన పదాల సంఖ్యను రెట్టింపు చేసి లెక్కించాడు. తప్పు జరిగితే అది మంచి లేఖకు అనుకూలంగానే జరగాలన్నది ఆ సవరణలోని ఆంతర్యం.

రెండవది నిషిద్ధ జాబితాలను సంప్రదించే ప్లగిన్. స్పామ్ పంపుతూ పట్టుబడిన యంత్రాల ఐపీ చిరునామాలను కొన్ని సంస్థలు జాబితాగా నిర్వహిస్తాయి. లేఖ వచ్చిన చిరునామా 192.0.2.15 అయితే, దానిని తిరగవేసి 15.2.0.192 అని జాబితా పేరుకు ముందు చేర్చి డీఎన్ఎస్ ద్వారా ప్రశ్నిస్తారు. 127.0.0.2 వంటి సమాధానం వస్తే ఆ యంత్రం జాబితాలో ఉన్నదని అర్థం. సమాధానం లేకపోతే అది జాబితాలో లేదని అర్థం.

మూడవది పంపినవారి గుర్తింపును పరిశీలించేది. ఒక సంస్థ తన పేరిట లేఖలు పంపదగిన యంత్రాలేవో ముందుగానే డీఎన్ఎస్‌లో ప్రకటించడం ఎస్‌పీఎఫ్ పద్ధతి. లేఖకు రహస్య తాళంతో సంతకం చేయడం, దానిని సరిచూసే బహిరంగ తాళాన్ని డీఎన్ఎస్‌లో ఉంచడం డీకిమ్ పద్ధతి. 2024 ఫిబ్రవరి నుంచి గూగుల్, యాహూ సంస్థలు భారీ సంఖ్యలో లేఖలు పంపేవారికి ఈ ధ్రువీకరణలను తప్పనిసరి చేశాయి. అయితే మోసగాడు కూడా తన సొంత పేరుకు ఈ ఏర్పాట్లు చేసుకోగలడు. పంపినవాడు ఎవరో తెలిసినంత మాత్రాన అతడు మంచివాడని తేలదు.

నాలుగవది సామూహిక అనుభవాన్ని వినియోగించేది. ఒకే స్పామ్ లక్షలమందికి చేరుతుంది కనుక, దానిని ముందుగా గుర్తించినవారు దాని సంక్షిప్త సంకేతాన్ని ఉమ్మడి కేంద్రానికి తెలియజేస్తే మిగిలినవారు జాగ్రత్తపడవచ్చు. విపుల్ వేద ప్రకాశ్ రూపొందించిన రేజర్, దాని మార్గంలో వచ్చిన పైజర్ ఈ కోవకు చెందినవి.

అమర్చే క్రమం

వడపోతను అమర్చేటప్పుడు తొందరపాటు పనికిరాదు. మొదట ప్రోగ్రామును స్థాపించి, ‘ఎస్ఏ-అప్‌డేట్’ అనే ఆదేశంతో తాజా నియమాలను తెచ్చుకోవాలి. కొత్త స్పామ్ రూపాలకు తగినట్లు నియమాలు కూడా మారుతూ ఉంటాయి. అందువల్ల ఈ ఆదేశం ప్రతిరోజూ దానంతటదే నడిచే ఏర్పాటు చేయాలి.

రెండవ మెట్టు ప్లగిన్లను మేల్కొలపడం. వాటి పేర్లు ‘ప్రీ’ అనే అంత్యనామం గల ఫైళ్లలో ‘లోడ్‌ప్లగిన్’ అనే మాట తరువాత ఉంటాయి. వరుసకు ముందు హాష్ గుర్తు ఉంటే ఆ ప్లగిన్ నిద్రలో ఉన్నట్లే. ఆ గుర్తును తొలగిస్తే అది పనిలోకి దిగుతుంది. మన సొంత నిర్ణయాలైన హద్దు, మార్కుల మార్పులు ‘లోకల్ డాట్ సీఎఫ్’ అనే ఫైలులో రాయాలి. అన్ని ప్లగిన్లనూ ఒక్కసారిగా కాక ఒక్కొక్కటిగా చేర్చడం మేలు. అప్పుడే ఏది చేర్చాక చిక్కు వచ్చిందో తెలుస్తుంది.

మూడవ మెట్టు ‘లింట్’ పరీక్ష. అమరిక ఫైళ్లలో అక్షర దోషాలు, అర్థం కాని ఆదేశాలు ఉంటే ఈ పరీక్ష ఎత్తిచూపుతుంది. ఏమీ చెప్పకుండా ముగిస్తే అంతా సవ్యమని అర్థం. ఆ తరువాతనే వడపోతను తిరిగి ప్రారంభించాలి. ఫైలు మార్చి, ప్రోగ్రామును తిరిగి ప్రారంభించడం మరచిపోయి, మార్పు ఫలించలేదని గంటల తరబడి వెతికేవారు ఎందరో!

నాలుగవ మెట్టు ‘జీట్యూబ్’ పరీక్ష. ఇది 68 అక్షరాల నిర్ణీత వరుస. ఇది గల లేఖకు స్పామ్‌అసాసిన్ ఏకంగా 1000 మార్కులు వేస్తుంది. బయటి చిరునామా నుంచి ఇటువంటి లేఖను పంపి, దానిపై ముద్ర పడినదో లేదో చూడాలి. పడితే లేఖలు వడపోత గుండా ప్రవహిస్తున్నాయని నిర్ధారణ అవుతుంది.

ఐదవ మెట్టు శిక్షణ. బేయ్స్ ప్లగిన్ కనీసం 200 స్పామ్, 200 మంచి లేఖలు నేర్చుకోనిదే నోరు మెదపదు. ఆ లేఖలు మన సంస్థకు నిజంగా వచ్చినవై ఉండాలి. వైద్యశాలకు మందుల పేర్లు మంచి పదాలు; ఇతరులకు అవే సందేహాస్పదాలు. చివరగా, కొన్ని వారాలపాటు ముద్ర మాత్రమే వేయించి, ఏ లేఖనూ తిప్పిపంపకుండా ఫలితాలను పరిశీలించాలి. మంచి లేఖలపై ముద్ర పడడం లేదని తృప్తి కలిగాకనే తిరస్కరించే అధికారాన్ని అప్పగించాలి.

దోషాన్ని కనిపెట్టే విధానం

వైద్యుడు మందు రాయడానికి ముందు నాడి చూసినట్లు, నిర్వాహకుడు అమరికను మార్చడానికి ముందు లేఖ తలకట్టును చదవాలి. అక్కడ వర్తించిన నియమాల పేర్లు, మార్కులు అన్నీ ఉంటాయి.

తలకట్టులో మార్కుల వరుస అసలే లేకపోతే లేఖ వడపోతకు చేరలేదని గ్రహించాలి. మెయిల్ సర్వర్‌కు, వడపోతకు నడుమ సంబంధం తెగి ఉండవచ్చు. లేదా లేఖ చాలా పెద్దది కావచ్చు. వడపోతకు లేఖలను అందించే సహాయక ప్రోగ్రాము సాధారణంగా 500 కిలోబైట్లకు మించిన వాటిని పరీక్షించకుండానే పంపివేస్తుంది.

మార్కులు ఉన్నా ఒక ప్లగిన్ పేరు ఎక్కడా కనిపించకపోతే, దానికి కావలసిన పెర్ల్ భాగం యంత్రంలో లేకపోవచ్చు. ప్రోగ్రామును ‘డీబగ్’ విధానంలో నడిపితే ఏ ప్లగిన్ మేల్కొన్నదో, ఏది ఎందుకు ఆగిందో అది స్వయంగా చెబుతుంది.

వేలాది లేఖలతో శిక్షణ ఇచ్చినా బేయ్స్ మౌనంగా ఉండడం తరచుగా ఎదురయ్యే చిక్కు. నిర్వాహకుడు ‘రూట్’ అనే ప్రధాన ఖాతాతో శిక్షణ ఇస్తాడు. వడపోత మరొక ఖాతా పేరిట నడుస్తూ ఉంటుంది. ఇద్దరి జ్ఞాపకాల ఫైళ్లు వేరు. ఒకరి నోటుపుస్తకంలో రాసి మరొకరి నోటుపుస్తకంలో వెతికినట్లన్నమాట. వడపోత నడిచే ఖాతాతోనే శిక్షణ ఇస్తే ఈ చిక్కు తీరుతుంది.

నిషిద్ధ జాబితాల విషయంలో రెండు ప్రమాదాలున్నాయి. అందరూ వాడే ఉమ్మడి డీఎన్ఎస్ సర్వర్ ద్వారా ప్రశ్నిస్తే పలు జాబితాలు సరైన జవాబు ఇవ్వవు. సొంత డీఎన్ఎస్ సర్వర్‌ను నడుపుకోవడం దీనికి పరిష్కారం. రెండవది మరింత తీవ్రమైనది. 2003 ఆగస్టులో ఓసిరుసాఫ్ట్ అనే జాబితా దాడులకు గురై మూతపడింది. మూతపడుతూ ఏ చిరునామా అడిగినా నిషిద్ధమేనని బదులిచ్చింది. దానిని నమ్మి తిరస్కరించే సర్వర్లన్నీ లోకంలోని లేఖలన్నింటినీ తిప్పిపంపాయి. ఇంకొకరి తీర్పును అరువు తెచ్చుకున్నవారు ఆ తీర్పరి జీవించి ఉన్నాడో లేదో అప్పుడప్పుడు విచారించాలి.

ఎస్‌పీఎఫ్ కూడా ఒక్కొక్కసారి మంచివారిని శంకిస్తుంది. పూర్వ విద్యార్థి తన కళాశాల చిరునామాకు వచ్చే లేఖలను సొంత చిరునామాకు మళ్లించుకున్నాడనుకుందాం. అప్పుడు లేఖను చేరవేసే యంత్రం కళాశాలది. లేఖపై పేరు వేరొకరిది. పంపినవారి జాబితాలో కళాశాల యంత్రం లేదు కనుక పరీక్ష తప్పుతుంది. డీకిమ్ సంతకం మాత్రం, దారిలో లేఖను ఎవరూ మార్చనంత వరకు, చెక్కుచెదరదు. ఒకే సాక్షిని నమ్మి తీర్పు చెప్పరాదనడానికి ఇది నిదర్శనం.

నూతన సంవత్సరం నాటి పొరపాటు

వడపోతల చరిత్రలో 2010 జనవరి 1 గుర్తుంచుకోదగిన రోజు. స్పామ్ పంపేవారు తమ లేఖ ఎప్పుడూ పైనే కనిపించాలని, దానిపై రాబోయే కాలపు తేదీని వేసేవారు. దానిని పట్టుకోవడానికి స్పామ్‌అసాసిన్‌లో ఒక నియమం ఏర్పడింది. తేదీలోని సంవత్సరంలో 20 తరువాతి అంకె 1 నుంచి 9 వరకు ఏదైనా అయితే, అది సుదూర భవిష్యత్తు అని ఆ నియమం భావించేది. అది రాసిన నాటికి 2010 ఇంకా రాలేదు కనుక నియమం సమంజసంగానే తోచింది.

కాని కాలం ఆగదు. 2010 నూతన సంవత్సరం వచ్చింది. ఆ క్షణం నుంచి సరైన తేదీతో వచ్చిన దాదాపు ప్రతి లేఖా ఆ నియమానికి చిక్కింది. 3.2.0 నుంచి 3.2.5 వరకు గల కూర్పులలో అది ఒక్కొక్క లేఖకు 3.6 మార్కుల వరకు చేర్చింది. నిన్నటిదాకా 2 మార్కులతో నిరపాయంగా వచ్చిన లేఖ నేడు 5 హద్దును దాటింది. శుభాకాంక్షలు, ఉద్యోగ లేఖలు, వ్యాపార పత్రాలు ఏ తప్పూ లేకుండానే దోషులుగా నిలిచే ప్రమాదం ఏర్పడింది. నిర్మాతలు ఆ రోజే హెచ్చరిక ప్రకటించి రెండు మార్గాలు సూచించారు. నియమాలను వెంటనే నవీకరించడం ఒకటి. ఆ ఒక్క నియమానికి మార్కులు సున్నా చేయడం రెండవది. రెండింటికీ కొద్ది నిమిషాల సమయం చాలు. కాని ఆ నిమిషాలు వెచ్చించే మనిషి సర్వర్ దగ్గర ఉండాలి.

ఈ సంఘటనలో యంత్రం చెడిపోలేదు. తనకు చెప్పిన నియమాన్ని తు.చ. తప్పకుండా పాటించింది. నియమం రాసిన నాటి లోకం వేరు, అది అమలైన నాటి లోకం వేరు. నియమాలను ఏర్పరచడంతో మన బాధ్యత తీరదు; వాటిని కాలంతోపాటు సరిచూస్తూ ఉండాలి.

తెలుగు లేఖ – పరాయి కళ్లు

తెలుగులో ఉత్తరాలు రాసుకునేవారికి ఈ విషయంలో ఒక ప్రత్యేకమైన జాగ్రత్త అవసరం. బేయ్స్ ప్లగిన్‌కు తాను చూసిన పదాలే తెలుసు. ఆంగ్ల లేఖలతో మాత్రమే శిక్షణ పొందిన వడపోతకు అమ్మ రాసిన తెలుగు ఉత్తరంలోని ‘క్షేమం’, ‘ఆశీస్సులు’ వంటి మాటలు మంచి సాక్ష్యంగా తోచవు. అట్లాగే ఆమోదించదగిన భాషలను నిర్ణయించే అమరిక స్పామ్‌అసాసిన్‌లో ఉన్నది. విదేశంలో ఎక్కడో కూర్చున్న నిర్వాహకుడు ఆంగ్లం తప్ప ఇతర భాషలు తమకు రావని భావించి దానిని బిగిస్తే, అక్కడ పనిచేసే తెలుగువారికి ఇంటి నుంచి వచ్చిన ఉత్తరం అనుమానానికి గురికావచ్చు.

2022 డిసెంబరులో వెలువడిన 4.0 కూర్పులో యూనికోడ్ లిపులలోని పాఠాన్ని పరిశీలించే శక్తి మెరుగుపడింది. అయినా శిక్షణ మన చేతిలోని పనే. తెలుగు లేఖలు వచ్చే సర్వర్‌కు మంచి తెలుగు లేఖలను, తెలుగులో వచ్చే స్పామ్‌ను కూడా చూపాలి. పరభాషా లేఖ తెలియనిదే తప్ప చెడ్డది కాదని వడపోతకు నేర్పవలసినవారు ఆ భాష తెలిసినవారే.

ముగింపు

రెండేళ్లలో స్పామ్ సమస్య తీరిపోతుందని 2004 జనవరిలో దావోస్ సదస్సులో బిల్ గేట్స్ ఆశాభావం వ్యక్తం చేశాడు. ఆ రెండేళ్లు గడిచి చాలాకాలమైంది. వడపోతలు నేర్చిన కొద్దీ మోసగాళ్లు కొత్త వేషాలు నేర్చారు. ఈ పోరు ఒక్కనాటితో ముగిసేది కాదు. కనుకనే వడపోతను ఒకసారి అమర్చి మరచిపోయే వస్తువుగా కాక, నిత్యం చూసుకోవలసిన పైరుగా భావించాలి.

సర్వర్ నిర్వాహకులకు మాత్రమే కాదు, సామాన్య పాఠకులకు కూడా ఇందులో ఒక కర్తవ్యం ఉన్నది. వారానికి ఒకసారైనా స్పామ్ అరను తెరిచి చూడాలి. అక్కడ మంచి లేఖ కనిపిస్తే అది స్పామ్ కాదని గుర్తు పెట్టాలి. అనేక సేవలలో ఆ గుర్తు వడపోతకు పాఠమవుతుంది. ముఖ్యమైన లేఖ కోసం ఎదురుచూసే రోజులలో ఆ అరను ప్రతిదినం చూడడం వివేకం. ఉపకార వేతనానికి దరఖాస్తు చేసిన ఆ విద్యార్థిని ఒక్క ఉదయం ఆ పని చేసి ఉంటే గడువులోగా తన పత్రాలు పంపగలిగేది. తూర్పారబట్టిన రైతు ఇంటికి వెళ్లే ముందు పొట్టు కుప్పను కదిపి చూస్తాడు. గింజ విలువ తెలిసినవాడు చేసే పని అది.

అభ్యాసం

అ. ఈ క్రింది ప్రశ్నలకు వ్యాసరూప సమాధానాలు రాయండి.
1. మెయిల్ సర్వర్‌లో స్పామ్ వడపోతను అమర్చే క్రమాన్ని వివరించండి.
2. వడపోత సరిగా పనిచేయనప్పుడు దోషాన్ని ఎట్లా కనిపెట్టవచ్చో సోదాహరణంగా తెలపండి.

ఆ. ఈ క్రింది ప్రశ్నలకు సంగ్రహ సమాధానాలు రాయండి.
1. స్పామ్‌అసాసిన్ అనుసరించే మార్కుల పద్ధతిని తెలపండి.
2. 2010 జనవరి 1న ఏర్పడిన చిక్కుకు కారణమేమి? దాని నుంచి గ్రహించవలసిన నీతి ఏమి?
3. తెలుగు లేఖల విషయంలో వడపోతకు ప్రత్యేక శిక్షణ ఎందుకు అవసరం?

ఇ. ఈ క్రింది ప్రశ్నలకు ఏకపద లేదా ఏకవాక్య సమాధానాలు రాయండి.
1. మొట్టమొదటి స్పామ్ లేఖను పంపినది ఎవరు?
2. బేయ్స్ ప్లగిన్ పని ప్రారంభించడానికి కనీసం ఎన్ని లేఖలతో శిక్షణ ఇవ్వాలి?
3. జీట్యూబ్ పరీక్ష వల్ల ఏమి నిర్ధారణ అవుతుంది?